దండతో ఎగిరిన ఎత్తు

మా ఊరివాళ్ళకి హైజంప్ గురించి ఏమీ తెలియదు. సన్మానం గురించి తెలియనిది లేదు. మా అక్క హెలెన్ చేసిన తప్పల్లా మొదటిదాంట్లో రికార్డు కొట్టి రెండోదానికి దొరికిపోవడమే.

మాది రావులపాలెం పక్క ఊరు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు సూర్యప్రకాశం గారు యూరియా సంచుల్లో వరిగడ్డి కూరి పరుపుగా పేర్పించి, రెండు వెదురు గడల మధ్య అడ్డకర్ర పెట్టి ఆడపిల్లల చేత ఎగిరించేవారు. తొంభై ఆరులో అక్క జిల్లా స్కూళ్ళ రికార్డు దాటింది. ఊరంతా నడుం బిగించింది, పరుపు కొనడానికి కాదు, శాలువా కొనడానికి. అరటి వ్యాపారులు ఒకటి కప్పారు. మా లూథరన్ చర్చి పెద్దలు ఒకటి కప్పారు. మండు వేసవిలో పదిహేనేళ్ళ పిల్లకి ఉన్ని శాలువాలు కప్పడంలోని ముందుచూపేంటో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. అక్క మాత్రం అందరికీ దండం పెట్టి, మళ్ళీ వెళ్ళి గడ్డిసంచుల మీద పడేది.

మా నాన్నగారు యెహెజ్కేలు మాస్టారు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఎగరడాన్ని ఆయన చదువుల్లో జమకట్టేవారు కాదు. "ఎంత ఎత్తు ఎగిరినా కిందికే కదమ్మా రావాలి. బీయీడీ చేసుకో" అనేవారు. అక్క పోటీ ఆయన ఒక్కటీ చూడలేదు.

రెండువేల సంవత్సరంలో రాజమండ్రిలో యూనివర్సిటీ పోటీలు జరిగాయి. అక్కకి అది డిగ్రీ ఆఖరు ఏడాది. బెంగుళూరు శిక్షణ శిబిరానికి పిల్లల్ని ఎంపిక చేయడానికి మణిశంకర్ గారని ఒకాయన హైదరాబాద్ నుంచి వచ్చారు. ఆయన లెక్క సూటిగా ఉంది. ఒక మీటరూ అరవై అయిదు సెంటీమీటర్లు దాటితే బెంగుళూరు. దాటకపోతే నాన్నగారి బీయీడీ.

అక్క ఒకటీ అరవై దాటింది. యూనివర్సిటీ రికార్డు బద్దలైంది. మిగతా పిల్లలందరూ అప్పటికే తప్పుకున్నారు. ఒళ్ళు వేడి మీద ఉంది, కర్ర ఇంకో అయిదు సెంటీమీటర్లు పైకి జరపడమే ఆలస్యం. అంతలో మైకు గరగరలాడింది.

"పోటీ కాసేపు ఆపండమ్మా! రికార్డు వీరవనితకి సన్మానం!"

అన్నది ముఖ్య అతిథి పల్లంరాజు గారు. రైసు మిల్లుల యజమాని, మనిషి పొట్టి, పలుకుబడి పొడుగు. రికార్డు ఖాయమని ముందే విని, కారు పంపించి మా నాన్నగారిని కూడా పిలిపించారు. కూతురు ఎగురుతుంటే ఏనాడూ రాని మనిషి, కూతురికి సన్మానమంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వేదిక మీద కూర్చున్నారు. ఆయనకీ ఓ శాలువా పడింది. మణిశంకర్ గారినీ వదల్లేదు.

పల్లంరాజు గారి ఉపన్యాసం రైసు మిల్లుల చరిత్రతో మొదలై, స్త్రీశక్తి మీదుగా మళ్ళీ రైసు మిల్లుల దగ్గరికే వచ్చి ఆగింది. వాళ్ళు వేసిన దండ మెడలో ఉండగా అక్క కాళ్ళు ఆడిస్తూ నిలబడింది. అక్క కోసం ఊరి నుంచి వచ్చిన సూర్యప్రకాశం మాస్టారు చేతులు నలుపుకుంటూ, "అయ్యా, అమ్మాయి ఒళ్ళు చల్లబడిపోతుందండి" అన్నారు.

"చల్లబడితే ఇంకో శాలువా కప్పుదామండి" అన్నారు పల్లంరాజు గారు, ఎంతో దయగా.

అప్పుడు ఫొటోగ్రాఫరు తల గోక్కున్నాడు. రికార్డు గెంతు తీయలేకపోయాడట.

"దానికేముందండి? మళ్ళీ ఎగురుద్ది. దండ తియ్యకమ్మా, దండతోనే ఎగురు. నేను వెనకాల చప్పట్లు కొడుతూ నిలబడతాను" అన్నారు పల్లంరాజు గారు.

అక్క నాన్నగారి వైపు చూసింది. ఆయన మొహం వెలిగిపోతోంది. ఇక ఏం కాదంటుంది? మెడలో బంతిపూల దండతో ఎగిరింది. ఫ్లాష్ వెలగలేదు. మళ్ళీ ఎగిరింది. రీలు అయిపోయింది. రీలు మార్చాక కొత్త చిక్కు. పరుపు వెనక నిలబడిన పల్లంరాజు గారి నుదుటికి కర్ర సరిగ్గా అడ్డం వస్తోంది. ఆయన్ని కాస్త పక్కకి జరగమనొచ్చు. కానీ అంతటివారిని జరగమనడానికి ఎవరికి నోరొస్తుంది? కర్రనే పైకి జరిపారు, ఆయన తల కనబడేదాకా. కొలవలేదు. ఫొటోకి కొలతెందుకు?

అక్క ఎగిరింది. దండ గాల్లోకి లేచింది. కర్ర కదల్లేదు. ఫొటో పడింది.

సభ ముగిశాక జడ్జి టేపు తెచ్చాడు. కర్రని ఒకటీ అరవై అయిదుకి పెంచబోయి ఆగిపోయాడు. రెండోసారి కొలిచాడు. తర్వాత తల వంచుకుని రెండు సెంటీమీటర్లు కిందికి దించాడు.

అక్క చూసింది. చూడకపోయినా బాగుండేది. మూడుసార్లు పరుగెత్తింది, మూడుసార్లూ కర్ర పడింది. ఫొటోల కోసం ఖర్చయిపోయిన కాళ్ళు అవి. మూడోసారికి ముందు పల్లంరాజు గారు, "దండ అచ్చొచ్చిందమ్మా, మళ్ళీ వెయ్యమంటావా?" అని అడిగారు కూడా. నాకు ఆ దండ ఆయన చేతే తినిపించాలనిపించింది.

"ఇందాక దీనికంటే ఎత్తే ఎగిరాను కదండీ" అంది అక్క.

"చూశానమ్మా. కానీ అది పోటీ కాదు కదా" అన్నారు మణిశంకర్ గారు. శాలువా మడతపెట్టి సంచిలో సర్దుకుని రైలుకి వెళ్ళిపోయారు.

మర్నాడు నాన్నగారు ఆదివారం చర్చిలో పంచడానికి ఓ కట్ట పేపర్లు తెచ్చారు. ఫొటో పెద్దగా వేశారు. కింద పల్లంరాజు గారి చిరునవ్వు, ఆయన తల మీదుగా కర్ర, ఆ పైన ఎక్కడో దండతో అక్క. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. అక్క ఎగరడాన్ని ఆయన అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు.

"నీకూ ఈ కర్రకీ మధ్య బెత్తెడు ఖాళీ ఉందేంటమ్మా?"

"అది బెంగుళూరండి నాన్నగారూ" అంది అక్క.

ఆయనకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ ఆదివారం చర్చిలో పేపర్లు పంచలేదు.