ఎర్ర చీటీ

రేడియో మేస్త్రి ఆ చిన్న విమానంలో వెల్లకిలా పడుకుని, మైకున్న హెడ్‌ఫోన్ తగిలించుకుని తల మీటర్ల పలక కిందికి దూర్చి, కాళ్ళు తలుపు బయటికి చాపి పనిచేస్తుండగా మోకాలి మీద మొదటి తన్ను పడింది. తన్నింది విమానం యజమాని. పరాయివాడేం కాదు, సాక్షాత్తూ అక్క మొగుడు.

"ఎక్కాల్సిన జనం వచ్చి గంటయింది. రేడియో బాగుందని సంతకం పెట్టి బయటికి తగలడు."

"పరీక్ష ఇంకా అవలేదు బావా. పెట్టను."

"పెట్టవూ?" రెండో తన్నుకు మేస్త్రి కళ్ళు బైర్లు కమ్మాయి.

ఈ బావ గుండెలు తీసిన బంటు. ఏడాది కిందట మేస్త్రికీ అక్కకీ తమ్ముడు, ఇంటికి చిన్నవాడు, ఇతని విమానమే నడుపుతూ, పొగమంచులో రేడియో మూగబోయి కొండకు గుద్దుకుని పోయాడు. ఆ రేడియో పనికిరాదని మేస్త్రి ముందురోజే స్టీరింగుకు ఎర్ర చీటీ కట్టాడు. చీటీ ఉన్న విమానాన్ని ఎవరూ ఎగరెయ్యరు. తెల్లారేసరికి చీటీ మాయం. అసలు కట్టనే లేదని, మేస్త్రి నిర్లక్ష్యమే పిల్లవాణ్ణి చంపిందని బావ గుండెలు బాదుకుంటూ చెప్పాడు. అక్క నమ్మింది. కంట్రోల్ టవర్లో ఆమె ఉద్యోగం. ఇవాళ పొద్దుటి డ్యూటీ ఆమెదే. వచ్చేపోయే విమానాలన్నిటితో మాట్లాడుతుంది, తోడబుట్టినవాడితో తప్ప. మేస్త్రిని తినేస్తున్నది అదే.

మూడో దెబ్బ పానాతో పడింది. కాలి ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. కెవ్వుమన్నాడు. ఆ కేక హెడ్‌ఫోన్‌లోంచి మళ్ళీ అతని చెవుల్లోనే మోగింది.

అంత నొప్పిలోనూ సంగతి అర్థమైంది. మాట్లాడే మీటకు వెళ్ళే తీగను అన్నిటికన్నా ఆఖర్న కలపడం అతని అలవాటు. ఒలిచిన ఆ కొస అదురుకు వెళ్ళి ఇనుప చట్రానికి తగిలింది. తగిలితే మీట నొక్కినట్టే. ఇక్కడి మాట టవర్‌కి పోతుంది. పోతున్నంతసేపూ అక్కణ్ణుంచి ఏమీ వినపడదు. అక్క వింటోందో, కుర్చీలోంచి లేచిపోయిందో దేవుడికే తెలియాలి.

మేస్త్రి బొటనవేలితో ఆ తీగను చట్రానికి అదిమిపట్టాడు.

"తమ్ముడి విమానానికి కట్టిన ఎర్ర చీటీ ఏం చేశావు బావా?"

బావ లోపలికి దూరి, అతని ఛాతీ మీద మోకాలు వేసి, జుట్టు పట్టుకుని తలను పలకకేసి బాదాడు. నుదురు చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. వేలు మాత్రం కదలలేదు.

"చెప్పు బావా. చీటీ ఏది?"

"చింపేశా! పొయ్యిలో పెట్టా! ఏం పీకుతావురా? రేడియో లేకపోతే ఎగరలేవా అని వాణ్ణి మెడపట్టి ఎక్కించింది కూడా నేనే. పోయి మీ అక్కకు చెప్పుకో. నీ మొహాన ఉమ్మేస్తుంది."

పానా మళ్ళీ లేచింది. ఈసారి దవడ మీద. పళ్ళు రెండు నాలుక మీదికి రాలాయి. వేలు జారింది, తీగ విడిపోయింది. చెవుల్లో గరగర, ఆ వెనక ఏడాదిగా వినని గొంతు.

"తమ్ముడూ! ఒరే, పలకరా! అంతా విన్నాన్రా. పోలీసులు వచ్చేస్తున్నారు. ప్రాణాలు ఉగ్గబట్టుకో నాన్నా."

మేస్త్రికి ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్ని దెబ్బలకూ రాని ఏడుపు. హెడ్‌ఫోన్ ఊడదీసి బావ చెవికేసి పెట్టాడు.

"అక్క," అన్నాడు నెత్తురు ఉమ్ముతూ. "మాట్లాడు."

బావ చేతిలో పానా గాల్లోనే ఆగిపోయింది. హెడ్‌ఫోన్‌లో అక్క ఇప్పుడు అరవడం లేదు. చాలా మెల్లగా అడుగుతోంది.

"ఏ పొయ్యిలో పెట్టావు? నేను నీకు వండిపెట్టే పొయ్యిలోనేనా?"