గీత కొట్టిన కార్డులు

రద్దు చేసేవాడు స్కేలు వెతుక్కోడు కదా, చేతికందిన పెన్నుతో అడ్డంగా ఒక గీత పారేసి ఊరుకుంటాడు. ఈ కార్డుల మీది గీతలు ఎడమ మూల నుంచి కుడి మూలకు స్కేలు పెట్టి సన్నగా, ఒక్క అక్షరం కూడా చెడకుండా గీసినవి. ఏడు నెలల కిందట ఇది తనకెందుకు తట్టలేదు? మీరా హుస్సేన్ ఆలోచిస్తున్నాడు గాని వేళ్లు ఆగలేదు. తెర మీదికి కార్డు వచ్చింది. పేరు, పుట్టిన ఊరు, వృత్తి. తర్వాతి కార్డు. పంతొమ్మిదేళ్లుగా ఆ వేళ్లకు తలతో పని పడలేదు.

గుంటూరు యార్డు రోడ్డులో రెండో అంతస్తు, డేటా ఎంట్రీ ఆఫీసు. మార్చి నెల కావడంతో కింద మిరప టిక్కీల బస్తాలతో లారీలు బారులు తీరి ఉన్నాయి. కిటికీలన్నీ మూసినా గొంతులో ఘాటు దిగుతోంది. పదకొండు మంది దగ్గుతూ టైపు చేస్తున్నారు.

ఇంగ్లండులో ఒక ఊళ్లోని పోలండ్ వాళ్ల సంఘం సభ్యుల కార్డులవి. పనితోపాటు వచ్చిన నాలుగు పేజీల చరిత్రను ఆఫీసులో అతనొక్కడే చదివాడు. రెండో ప్రపంచ యుద్ధమయ్యాక సొంత దేశానికి తిరిగి వెళ్లలేక మిగిలిపోయిన సిపాయిలు, వాళ్ల ఆడవాళ్లు కలిసి పెట్టుకున్న సంఘం. మొదట రేకుల షెడ్లలో ఉన్నారు. తర్వాత చందాలేసుకుని పాత ఇల్లొకటి కొన్నారు. కింద హాలు, పైన గ్రంథాలయం. పిల్లలు భాష మరిచిపోకుండా శనివారం బడి. ఒక పాటల బృందం. ఎవరైనా పోతే మోయడానికి మనుషులు, పూడ్చడానికి ఒక నిధి. ఇప్పుడు నలభై మందే మిగిలారు, ఇల్లు అమ్మేస్తున్నారు. మనవలు వెతుక్కోవడానికి అందరి పేర్లతో జాబితా కావాలన్నారు. అందులో లేనివాళ్లు ఇక ఎవరికీ దొరకరు.

మొదటి రోజు టీం లీడరు చైతన్యకృష్ణ అడిగాడు. "హుస్సేన్ గారూ, ఈ అడ్డగీత ఉన్నవాటినేం చేద్దాం?"

"క్యాన్సిలండి. మనకి రేషన్ కార్డు తీసేస్తే గీత కొట్టరూ? వదిలెయ్యండి."

తల కూడా ఎత్తకుండా అన్నాడు. సీనియరు మాట కాబట్టి అందరూ వదిలేశారు. వెయ్యిన్నూట నలభై కార్డులు ఒక్కో మీటతో దాటిపోయాయి. మొన్న సోమవారం ఒకటి దాటిస్తుంటే గీత చివర చిన్న అంకెలు కనిపించాయి, ఒక తేదీ. కార్డు వెనక ఖననం నిధి గడిలోనూ అదే తేదీ. వెనక్కి వెళ్లి మరొకటి చూశాడు. ఇంకొకటి చూశాడు. వాళ్లెవరూ రద్దు కాలేదు. చనిపోయారు.

ఇవాళ గురువారం. సాయంత్రం అయిదుకి పని క్లయింటుకు వెళ్లిపోతుంది.

పదకొండింటికి లేచి, మూడోసారి చైతన్యకృష్ణ బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, ఆ గీత కార్డులు..."

"మళ్లీనా?" కుర్రవాడు కుర్చీలో వెనక్కి వాలాడు. "క్లయింటు అడగలేదు గదండీ. ఇప్పుడు చెప్తే ఇన్నాళ్లూ ఏం చేశారంటాడు. ఏం చెప్పమంటారు, మా సీనియర్ గారికి రేషన్ కార్డు గుర్తొచ్చిందనా?"

పక్కవాళ్లు నవ్వారు. మీరా హుస్సేన్ కూడా నవ్వాడు.

"వచ్చే నెల్నుంచి మిషనే చదువుద్దంట," చైతన్యకృష్ణ గొంతు తగ్గించాడు. "నలుగుర్నే ఉంచుతారు. మీ పేరు నేనే రాశా. చెడగొట్టుకోకండి."

సీటు దాకా నడుస్తుంటే ఆ నవ్వు ఇంకా ముఖం మీదే ఉన్నట్టనిపించి చేత్తో తుడుచుకున్నాడు. ఎందుకు నవ్వాను? దర్శిలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర మేస్త్రీ తిట్టినప్పుడు నాన్న ఇలాగే నవ్వేవాడు. అది చూసి ఒళ్లు మండేది. ఆ మంటతోనే టైపు హయ్యరు పరీక్ష పాసై ఈ ఊరొచ్చాడు.

పెళ్లయిన కొత్తలో భార్య నస్రత్ అడిగింది, రోజంతా ఏం కొడతారని. పేర్లన్నాడు. ఎవరివంది. తెలీదన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. కొత్తగా చేరినవాళ్లకు అతను నేర్పే మొదటి పాఠం కూడా అదే: అర్థం చేసుకోకండి, స్పీడు పడిపోద్ది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రెబ్కా ఎదుట కూర్చున్నాడు. ఇక్కడ ఒక్కో కార్డును ఇద్దరు విడివిడిగా కొట్టాలి. ఇద్దరిదీ కలిస్తేనే ఒప్పు. అతనికి జత రెబ్కా.

"నువ్వూ కొడితే కలుస్తది రెబ్కా. నేనొక్కణ్ణే కొడితే కంప్యూటరు తప్పుల్లో పడేస్తది."

"వెయ్యి కార్డులు అయిదింటి లోపా? పొద్దున ఏం తిన్నారన్నా?" ఆమె గోంగూర కలుపుతూ అంది. "మీరే వదిలెయ్యమంటిరి. ఇప్పుడు మీరే ఏడుస్తన్నారు. వాళ్లేమన్నా మన చుట్టాలా?"

ఆమె రెండు ముద్దలు తిని ఆగింది.

"మా చర్చి పుస్తకంలో పోయినోళ్ల పేరు అట్టాగే ఉంచి, పక్కన తేదీ ఏస్తారు. అది తెలిసీ నేనూ అడగలా. నాక్కూడా స్పీడే గావాల."

మళ్లీ సీట్లో కూర్చున్నాడు. కార్డులన్నీ ఒకే చేతిరాత. ఎడమకి ఒరిగే గుండ్రటి అక్షరాలు, నడుముకి చిన్న గీతున్న ఏడంకె. ముప్పై ఎనిమిదేళ్లు కార్యదర్శిగా చేసిన హలీనా అనే ఆవిడ రాసిందని ఆ నాలుగు పేజీల్లో ఉంది. ఏడు నెలలుగా అతను చదువుతున్న మనిషి ఆవిడ. సోమవారం నుంచి లోలోపల ఆవిడకే సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. అమ్మా, చూడకుండా అన్నాను. ఆవిడ ఏదో బల్ల దగ్గర కూర్చుని వింటున్నట్టే ఉండేది. వయసెంతని ఎన్నడూ లెక్క వేసుకోలేదు.

నాలుగూ ఇరవైకి, ఆఖరి కట్టలో ఆవిడ కార్డు వచ్చింది. హలీనా. పుట్టింది 1924. వృత్తి: లాండ్రీలో పని. బడి, పాటలు, వంటిల్లు, ఖననం నిధి, అన్ని గళ్లలోనూ టిక్కులు. రాత ఆవిడదే. గీత మాత్రం మరెవరిదో. బాల్‌పెన్నుతో గీశారు, మధ్యలో వణికి, పేరు మీదుగా పోయింది. చివర తేదీ లేదు.

వేలు అలవాటుగా దాటవేసే మీట మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది.

కట్ట ముగించేటప్పుడు క్లయింటుకు ఏమైనా చెప్పాలంటే రాయడానికి తెర అడుగున ఒక గడి ఉంటుంది. టీం లీడరు తప్ప ఎవరూ రాయకూడదు. మీరా హుస్సేన్ అందులో తనకొచ్చిన ఇంగ్లీషులో నెమ్మదిగా కొట్టాడు: గీత ఉన్న కార్డులు రద్దైనవి కావు. వాళ్లు చనిపోయిన సభ్యులు. 1,140 మంది జాబితాలో లేరు. వదిలెయ్యమన్నది నేను.

కింద తన పేరు కొట్టాడు. ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు. చైతన్యకృష్ణ ఫోన్లో ఎవరితోనో నవ్వుతున్నాడు.

పంపే మీట నొక్కాడు. గడి ఖాళీ అయింది. దాని పైన హలీనా కార్డు ఇంకా తెరిచే ఉంది.