ఒకే లంబకోణం ఉన్న గది

"చెయ్యి తుడుచుకుని ఇక్కడొక సంతకం పడెయ్. మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు" అన్నారు మావారు, నేను అత్తగారి దుప్పట్లు పిండుతుంటే. ఆయన చేతిలో ఇంజినీరు గీసిన ప్లాను ఉంది. స్థలం మా ఇద్దరి పేరు మీదా ఉంది కాబట్టి నా సంతకం లేకుండా పునాది తవ్వడానికి వీల్లేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని చూశాను. పెరట్లో నా గది ఉండాల్సిన చోట ‘కారు షెడ్డు’ అని రాసి ఉంది.

పదకొండేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. రెండేళ్ల క్రితం అత్తగారు మంచాన పడ్డప్పుడు, "ఉద్యోగం మానేస్తే ఇంట్లోనే పాఠాలు చెప్పుకోవచ్చుగా. పెరట్లో గది కట్టిస్తాను, బోర్డు కూడా పెట్టిస్తాను" అన్నారు మావారు. నమ్మాను, మానేశాను. అప్పటినుంచీ వంటింట్లో చాప పరిచి, ఒక కన్ను పాల మీద, ఒక కన్ను పిల్లల నోటుపుస్తకాల మీద. గది సంగతి ఎత్తితే ఆయన "చూద్దాంలే" అనేవారు. అత్తగారు "లెక్కలు చెప్పడానికి గది ఎందుకే, నోరుంటే చాలదూ" అనేవారు. నాలుగు నెలల క్రితం ఆయనే స్కేలు పట్టుకుని కూర్చుని, తెల్లకాగితం మీద బొమ్మ గీసి నా చేతిలో పెట్టారు. "ఇదిగో నీ గది. ఇకనైనా నన్ను ఊపిరి తీసుకోనివ్వు." దాన్ని బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకున్నాను. బట్టలు తీసినప్పుడల్లా ఆ గదిలో బోర్డు ఎక్కడ పెట్టాలో, బల్లలు ఎటు వేయాలో అనుకునేదాన్ని.

మా పెరటి వెనక సందు ఏటవాలుగా పోతుంది. అందుకని ఆ గది నలుచదరంగా రాదు. పక్కగోడలు రెండూ సమాంతరం, సందువైపు గోడ ఒక్కటే వాలు. అంటే సమలంబ చతుర్భుజం. ఇంటివైపు గోడకి ఒక మూల తొంభై డిగ్రీలని, రెండో మూల ఎనభై అని వేశారాయన. అది కుదిరే పని కాదు. పక్కగోడలు సమాంతరమైతే ఆ రెండు మూలలూ కలిపి నూట ఎనభై రావాలి. ఒకటి లంబకోణమైతే రెండోదీ కావలసిందే. ఒకే ఒక్క లంబకోణం ఉన్న సమలంబ చతుర్భుజం లోకంలో లేదు. ఇదే తప్పుకి ఎంతమంది ఎనిమిదో తరగతి పిల్లలకి మార్కులు కోశానో.

ఆ తప్పు నాకు మొదటిరోజే కనబడింది. కనబడినా, పాపం చెయ్యి జారి ఉంటుందిలే అని మనసులోనే దిద్దేసుకున్నాను. జారడానికి అసలు కొలిస్తే కదా! ఆయన ఏనాడూ టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్లలేదు. మారాం చేసే పిల్ల చేతిలో పెట్టే ఆటబొమ్మ అది. దానిలో నేను నాలుగు నెలలు కాపురం చేశాను.

"మరి నా గది?"

"అబ్బా, ఇంకా అదే పట్టుకుని వేలాడుతున్నావా? రోజూ ప్రాణం తీస్తుంటే ఏదో గీసిచ్చాను. కారు ఎండకి ఎండి వానకి తడుస్తోంది, కనబడట్లేదూ?"

మేస్త్రీ తల దించుకుని చెప్పులకేసి చూసుకుంటున్నాడు. నేను మళ్లీ ప్లాను చూశాను. అదే చోటు, అదే ఆకారం. ఇంటివైపు మూలలు రెండూ తొంభై, తొంభై. కారు కోసం ఇంజినీరుని పిలిచి, అంగుళాలతో సహా కొలిపించారు. ఒళ్లు మండిపోయింది. మోసపోయానన్న మాట అప్పటిదాకా నాలో నేనైనా అనుకోలేదు, అప్పుడు అనుకున్నాను.

లోపలికి వెళ్లి బీరువా తలుపు మీది కాగితం ఊడదీశాను. పిల్లల పుస్తకాలు దిద్దే ఎర్రపెన్ను తీసి, ఎనభై మీద గీత కొట్టి తొంభై అని వేశాను. ప్లానులో ‘కారు షెడ్డు’ కొట్టేసి ‘లెక్కల గది’ అని రాశాను. రెండూ ఆయన చేతికిచ్చాను.

"సంతకమేదీ?"

"తప్పున్న కాగితం మీద నేనెవరికీ సంతకం పెట్టలేదు. మీకొక్కరికే నాలుగు నెలలపాటు మార్కులు వేస్తూ వచ్చాను. దిద్దించుకుని తీసుకురండి, అప్పుడు పెడతాను."

లోపలినుంచి అత్తగారు "దుప్పట్లు ఆరేశావా?" అని కేకేశారు. అవి బకెట్లోనే ఉన్నాయి. ఆయన వాటికేసీ నాకేసీ చూశారు. నేను మేస్త్రీని అడిగి టేపు తీసుకుని పెరట్లోకి నడిచాను.