రాజ్యం చెవి

జహీరాబాద్‌కి సముద్రం ఎంత దూరమని రాజ్యలక్ష్మిని అడిగితే, పన్నెండేళ్ళు అంటుంది. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన లెక్క అది. భర్త రామకృష్ణకి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. నరసాపురం అవతల, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల పుట్టిన పిల్ల, ఈ మెట్ట నేల మీద కాపురానికొచ్చి మొదటి ఏడాదంతా నిద్రపట్టక ఏడ్చింది. చప్పుడు లేక. లోకంలో అందరికీ చప్పుడుంటే నిద్ర పట్టదు, ఈవిడది అంతా తిరకాసు.

పుట్టింట్లో ఆమె చెవికి ఒక హోదా ఉంది. ఆ ఊళ్ళో కోతల కాలంలో వాన సంగతి సముద్రాన్ని అడుగుతారు. మోత దక్షిణం నుంచి వస్తే వాన, ఉత్తరం నుంచి వస్తే కాపు, అంటే ఎండ, తూర్పున మోగితే రెండు రోజులు ఆగి చూడాలి. ఇది శాస్త్రమా కాదా అని అడిగే పెద్దమనుషులు అక్కడ మూడెకరాలు కౌలుకి చేసి చూస్తే తెలుస్తుంది. తండ్రి ఆ విద్యని కూతురికి ఇచ్చిపోయాడు. కొడుకు సాయిరామ్‌కి ఇవ్వడానికి లేకపోయింది. రైస్ మిల్లులో పదిహేనేళ్ళు చేసి అతను చెవులు పోగొట్టుకున్నాడు. పక్కన నిలబడి అరిస్తే తప్ప వినపడదు.

అందుకని తండ్రి పోయాక ఫోను ఏర్పాటు చేసుకున్నారు. విశాఖ కార్తె వచ్చి వరి పండాక, తెల్లవారుతూనే, హోరు ఏ పక్కదో పోల్చుకోలేని వదిన శోభారాణి గట్టు మీద నిలబడి ఫోనుని ముందు దక్షిణానికి, తర్వాత తూర్పుకి, ఆ తర్వాత ఉత్తరానికి పెట్టేది. ఇక్కడ మిద్దె మీద రాజ్యం ఒక చెవి మూసుకుని వినేది. ఏ పక్క హోరు ఎక్కువుంటే ఆ పక్క. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. నిరుడు మాత్రం సాయిరామ్ కూలీలు దొరికారన్న సంబరంలో ఆమెని అడక్కుండా కోసి పంటంతా నీళ్ళపాలు చేసుకున్నాడు. రాజ్యం చెవినడక్కుండా ఇక కొడవలి ముట్టనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

సోమవారం తెల్లవారి శోభారాణి ఫోను చేసింది. దసరాకి రామకృష్ణ ఒకేరకం ఫోన్లు రెండు కొని, ఒకటి తను ఉంచుకుని, ఒకటి బావమరిదికి పంపాడు. వాళ్ళ పాతది అద్దం పగిలి గరగరలాడుతోందని రాజ్యమే గోలపెట్టి పంపించింది. కొత్త ఫోనులో వదిన గొంతు పక్కింట్లో ఉన్నట్టు వినిపించింది.

"బంగాళాఖాతంలో ఏదో పుట్టిందంటన్నారు. టీవీలో అయితే ఒడిశా పోద్దన్నారు. మీ అన్నయ్యకి టీవీ మీద నమ్మకం లేదు. నువ్వు చెప్పు, కొయ్యమంటావా?"

మూడు పక్కలా పెట్టింది. రాజ్యం విన్నది. దక్షిణాన ఏమీ లేదు. తూర్పున లేదు. ఉత్తరానా లేదు.

మిద్దె మీద సోయా ఎండబోస్తున్న ఇంటి యజమానురాలు బస్వమ్మ నవ్వింది. ఆమెది న్యాల్‌కల్ దగ్గర పల్లె. వాన సంగతి మబ్బుని, కంది పూతని, చీమల్ని అడిగే మనిషి. "మేమైతే మొగులు దిక్కు చూస్తం. నువ్వేంది రాజ్యమ్మా, వానను గూడ ఫోన్ల అడుగుతవ్?"

రాజ్యం చుట్టూ చూసింది. పొద్దుటి చలిగాలి, ఒక్క మబ్బు తునక లేని ఆకాశం, చెరుకు తోటల మీద తూనీగలు. ఎక్కడా చప్పుడు లేదు. ఇక్కడా లేదు, అక్కడా లేదు. ఆమెకది ఎంతో హాయిగా తోచింది.

"ఏమీ మోగట్లేదు వదినా. సముద్రం హాయిగా పడుకుంది. కోసెయ్యమను," అంది.

మంగళవారం సాయంత్రానికి మూడెకరాలూ కోత అయిపోయింది. పనలు చేలో పరిచి ఉన్నాయి. నాలుగు రోజులు ఎండితే కుప్ప వేసుకోవచ్చు.

బుధవారం పొద్దున తుఫాను దిశ మార్చుకుందనీ, నరసాపురం వైపు వస్తోందనీ టీవీలో చెప్పారు. రాజ్యం టీవీ కట్టేసింది. వీళ్ళకేం తెలుసు, నేను విన్నాను కదా అనుకుంది. విద్య ఉన్నవాళ్ళ తలపొగరు ఒకటుంటుంది, విద్య లేనివాళ్ళ అజ్ఞానం కంటే అది చెడ్డది. మధ్యాహ్నం పన్నెండింటికి ఫ్యాక్టరీ నుంచి రామకృష్ణ ఫోను చేశాడు.

"వార్తలు చూశావా? మీ అన్నయ్యతో మాట్లాడావా?"

"మీరు ఎక్కడున్నారు? క్యాంటీన్లోనా?"

"లేదు, ప్రెస్సు పక్కనే ఉన్నాను."

ఆ ప్రెస్సు సంగతి ఆమెకి తెలుసు. ఆయుధపూజ రోజు చూడ్డానికి వెళ్ళింది. ఇనుప రేకుని అది గుద్దుతుంటే కాళ్ళకింద నేల అదిరింది, చెవులు మూసుకుని పారిపోయి వచ్చింది.

"ఇవాళ ఆపేశారా దాన్ని?"

"ఎందుకాపుతారు? నడుస్తోంది."

"మరి చప్పుడేదండీ?"

"కొత్త ఫోన్లు అంతే. మనిషి గొంతు ఒక్కటే పంపిస్తాయి, చుట్టుపక్కల చప్పుడంతా మింగేస్తాయి. అందుకే కదా ఇంత పోసి కొన్నది."

సోమవారం వదిన మాట్లాడింది ఆ జత ఫోనులోంచే. అప్పుడు గుర్తొచ్చింది తండ్రి మాట. సముద్రం ఎప్పుడూ ఊరుకోదమ్మా, నీకు వినపడలేదంటే తప్పు నీ చెవిదే అనేవాడు. చిన్నప్పుడు కంఠతా వచ్చిన మాట. పన్నెండేళ్ళు చప్పుడు లేని ఊళ్ళో బతికి, చప్పుడు లేకపోవడమే మంచిదని ఆమె ఒంటికి అలవాటైపోయింది. ఆ అలవాటే అన్నయ్య పంటని నేల మీద పడుకోబెట్టింది.

అన్నయ్య ఇంటికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ముప్ఫైసార్లు చేసి ఉంటుంది. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, ఎత్తేవాళ్ళు లేరు. దిగుతూ ఎక్కుతూ చేస్తుంటే ఒకసారి ఫోను మెట్ల మీద పడింది. బస్వమ్మ ఏరి తెచ్చి ఇచ్చింది. "ఫికర్ జెయ్యకు, ఎత్తుతరు, జర నీళ్ళు తాగు," అంటూ పక్కన కూర్చుంది. రాజ్యం నీళ్ళు పక్కన పెట్టి మళ్ళీ నొక్కింది. దేవుణ్ణి తిట్టింది, ఫోనుని తిట్టింది, చివరికి తన చెవి మీద తానే కొట్టుకుంది.

రెండున్నరకి శోభారాణి ఎత్తింది. రొప్పుతోంది.

"పనల మీద కప్పడానికి బరకాల కోసం ఇంటికొచ్చాను. వాన మొదలైంది రాజ్యం. మైకు ఆటో వచ్చి అందరూ బడికి పోవాలని చెప్పెళ్ళింది. ఊరంతా కదిలింది. మీ అన్నయ్య రానంటన్నాడు. పనలు గట్టుకి మోసుకుంటన్నాడు. రాజ్యం ఏమీ లేదంది, తగ్గిపోద్ది అంటన్నాడు. నేనెంత అరిచినా వినడే."

"వదినా, పాత ఫోను ఎక్కడుంది?"

"బీరువాలో. ఎందుకు?"

"సిమ్ము తీసి దాన్లో వెయ్యి. అది పట్టుకుని చేలోకి పరిగెత్తు. అక్కడ్నించి నాకు చెయ్యి. ఇంకేం అడక్కు."

ఇరవై నిమిషాలు పట్టింది. జహీరాబాద్‌లో ఎండ పెళపెళ కాస్తోంది. ఎత్తగానే గరగర, వాన చప్పుడు, ఆ రెండింటి అడుగున ఇంకొకటి.

"దక్షిణానికి పెట్టు వదినా."

హోరు. పన్నెండేళ్ళుగా ఇంత గట్టిగా వినలేదు.

"తూర్పుకి."

అంతే హోరు.

"ఉత్తరానికి."

అక్కడా అంతే. ఎక్కడా ఒక్క పిసరు తగ్గలేదు.

రాజ్యానికి తొమ్మిదేళ్ళప్పుడు ఒక్కసారే ఇలా మోగింది. తొంభయ్యారు తుఫాను రోజు. నాన్నా, మూడు పక్కలా అంది. తండ్రి చేతిలోది చేలోనే పడేసి, ఆమెని భుజాన వేసుకుని బడి దాకా పరిగెత్తాడు. వెనకాల ఆగినవాళ్ళలో ఇద్దరు మళ్ళీ కనపడలేదు.

"అన్నయ్యని తీసుకుని బడికి పో వదినా. పంట వదిలెయ్యమను. మూడు పక్కలా మోగుతోందని చెప్పు."

శోభారాణి అరిచి చెప్పడం వినిపించింది. తర్వాత అన్నయ్య గొంతు, చెవిటివాళ్ళ గొంతు, అవసరానికి మించి పెద్దగా.

"మొన్నేమీ లేదంది. ఇయ్యాళ మూడు పక్కలా అంటదా? పంటని పడుకోబెట్టింది తనే, వదిలెయ్యమనేది తనే. ఇది కూడా పోతే నేనేం తినాలో అడుగు. ఏది నమ్మాలో అడుగు."

రాజ్యం ఏడుపు మింగింది. ఇప్పుడు ఏడిస్తే ఆ పాత ఫోనులో మాట సరిగా పోదు.

"వదినా, నేను చెప్పేది ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పు. మొన్న నాకేమీ వినపడలేదు. వినపడలేదని చెప్పకుండా సముద్రమే పడుకుందన్నాను. తప్పు నాది. అన్నయ్య పంట నేనే పోగొట్టాను. ఇవాళ వినపడుతోంది. నాన్న నన్ను మోసుకుని పరిగెత్తిన రోజు విన్నదే ఇది. నన్ను జన్మలో క్షమించకపోయినా సరే, చేలోంచి మాత్రం బయటికి రమ్మను."

శోభారాణి మాట మాటనీ కేకేసి చెప్పింది. తర్వాత చాలాసేపు సముద్రం ఒక్కటే వినిపించింది.

"ఆ రోజు నాన్న కొడవలి తెచ్చుకున్నాడా?" సాయిరామ్ అడిగాడు.

"లేదు వదినా. చేలోనే పడేశాడు. మళ్ళీ దొరకలేదు."

బరువుగా ఏదో నీళ్ళలో పడిన చప్పుడైంది. ఎత్తుకున్న పన అయి ఉంటుంది. ఆ తర్వాత బురదలో అడుగులు, రెండు జతలు, తొందరగా. ఫోను కట్ చెయ్యడం వాళ్ళు మరిచిపోయారు. అడుగులు చాలాసేపు అలాగే వినిపించాయి, వాటి వెనకాల ఆ హోరు.

"ఏమాయె రాజ్యమ్మా? ఏమంటున్రు?" అంది బస్వమ్మ.

రాజ్యం ఫోను ఆమె చెవి దగ్గర పెట్టింది. సముద్రాన్ని ఎన్నడూ చూడని బస్వమ్మ కాసేపు విని మొహం చిట్లించింది.

"గిదేంది, లారీలు పోతున్నట్టున్నయ్ గదా."

"లారీలు కాదక్కా, సముద్రం," అంది రాజ్యం. "మా అన్నయ్య చేలోకి వస్తోంది."