పాత సినిమా హాలు ఎక్కడుండేది?

సాన్ ఆంబ్రోసియోలో ఇళ్ళకు నంబర్లు లేవు. వీధులకు పేర్లున్నాయంటారు గాని, వాటిని నోటితో పలికినవాణ్ణి ఇంతవరకు ఎవరూ చూడలేదు. "కొట్టేసిన మామిడి చెట్టు నుంచి రెండొందల మీటర్లు దక్షిణానికి, నీలం తలుపు" అంటే అది చిరునామా. ఆ చెట్టు కొట్టేసి ఇరవయ్యేళ్ళయింది. కోస్తారీకా అంతటా ఉన్న అలవాటే ఇది, మా ఊళ్ళో మరీ ముదిరింది. అయినా ఎవరికీ ఇబ్బంది కలగలేదు, ఎందుకంటే ఊరంతా మర్యాదగా డాన్ అని పిలిచే ఎవెలియో బరాంతెస్ ఉన్నాడు.

ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి. ఉద్యోగం మానేసి ఆరేళ్ళయినా గ్యాసు బండివాడు, కొత్తగా వచ్చిన పోస్టమ్మాయి, అంబులెన్సు డ్రైవరు, దారి తప్పిన ప్రతివాడూ ఆయనకే ఫోను చేసేవాడు. ఆయన చేతిలో కాఫీ కప్పు కింద పెట్టకుండానే చెప్పేసేవాడు. ఫోను మోగిన రోజు ముఖం వెలిగిపోయేది. మోగని రోజు కాఫీ చల్లారిందని భార్య ఎల్వియా మీద విసుక్కునేవాడు.

మే నెలలో పురపాలక సంఘం నుంచి యోర్లెని అనే అమ్మాయి వచ్చింది. ఊరి ఫేస్‌బుక్ పేజీ చూసుకునేది ఆవిడే.

"డాన్ ఎవెలియో, ఊళ్ళో ఇప్పుడు లేని గుర్తులన్నీ జాబితా రాస్తున్నామండీ. ఏది ఎక్కడుండేదో మీరు చెబితే మ్యాపులో పెట్టేస్తాం. ఎవరైనా చూసుకోవచ్చు. ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు."

"ఎవర్నీ అడగక్కర్లేదా?"

"అక్కర్లేదండీ. అంబులెన్సులో కూడా కనిపిస్తుంది."

"ముందు మా సందులో గుంట పూడ్చమను మీ మేయరుని. ఆ తర్వాత చచ్చిన చెట్ల సంగతి చూద్దురుగాని."

"గుంట ఫొటో పేజీలో పెట్టండి, పూడుస్తాం."

ఆయన పెట్టలేదు. ఎల్వియా పెట్టింది. సోమవారం పెడితే గురువారానికి గుంట పూడిపోయింది. ఎవెలియోకు అది ఇంకా ఒళ్ళు మండించింది.

యోర్లెని ఊరుకునే మనిషి కాదు. రోజూ పొద్దున్నే పేజీలో ఒక ప్రశ్న పెట్టడం మొదలుపెట్టింది. గుర్రాలకు లాడాలు కొట్టే కొట్టు ఎక్కడుండేది? కాలిపోయిన బేకరీ వీధికి ఏ పక్క? ఊరంతా విరగబడింది. పాత ఫొటోలు బయటికొచ్చాయి, అన్నదమ్ములు తగవుపడ్డారు, ఊరొదిలి లిమోన్‌లో స్థిరపడ్డవాళ్ళు కూడా వచ్చి గొంతు కలిపారు. ముగ్గురు ఒకే మాట చెబితే అది జాబితాకెక్కేది. ఒక సర్కారు కచేరీ తనకు తెలియదని ఒప్పుకుని జనాన్ని అడగడం మా ఊళ్ళో అదే మొదటిసారి, జనం అందుకే పొంగిపోయారేమో.

ఎవెలియో భార్య ఫోనులో అన్నీ చదివేవాడు. ఒక్క ముక్కా రాసేవాడు కాదు. జూన్ నాలుగున ప్రశ్న పాత సినిమా హాలు గురించి. చర్చి పక్కన అని ముగ్గురు కుర్రాళ్ళు రాశారు, జాబితాకెక్కింది. వంటింట్లో కూర్చుని ఆయన పగలబడి నవ్వాడు.

"చూశావా, సినిమా హాల్ని తీసుకెళ్ళి చర్చి పక్కన పెట్టారు! అక్కడ ఫాదరు దుప్పటి కట్టి బొమ్మలు చూపించేవాడు. అసలు హాలు వంతెన అవతల కదా."

"అదేదో వాళ్ళకే చెప్పొచ్చుగా," అంది ఎల్వియా.

"దారి తప్పితే వాళ్ళే వస్తారు."

ఆయన కోరుకున్నది అదే. ఏ గ్యాసు బండివాడో ఒక పూట తిరిగి తిరిగి, చివరికి తనకు ఫోను చెయ్యాలి. అంతకు మించి ఎవరికీ కీడు తలపెట్టలేదు. కాని ఆ కాస్త కోరిక కోసం నోరు మూసుకున్నాడు.

పద్నాలుగో తారీఖు, మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఎవెలియో గడ్డం గీయించుకుంటున్నాడు. రేకుల మీద వాన హోరు. ఫోను కొక్కేనికి తగిలించిన కోటు జేబులో ఉంది, రెండుసార్లు మోగింది, వినపడలేదు. మంగలి తన ఫోను వైపు చూసి కత్తి ఆపాడు.

"ఇదేంటి, పురపాలక సంఘంవాళ్ళు అర్జెంటంటున్నారు. 'పాత సినిమా హాలు ఎక్కడుండేది? అంబులెన్సు దారిలో ఉంది. రూఢిగా తెలిసినవాళ్ళే రాయండి.'"

ఎవెలియో మెడకు గుడ్డతోనే లేచి నిలబడ్డాడు. పాత సినిమా హాలు నుంచి చిరునామా చెప్పే ఇళ్ళు ఊరు మొత్తం మీద నాలుగు. వాటిలో ఒకటి చాలో మోరాది. ఒకటో తరగతి నుంచి కలిసి తిరిగిన చాలోది. రెండేళ్ళ నుంచి గుండె జబ్బు.

"ఇలా ఇయ్యి!" అని ఫోను లాక్కున్నాడు. సబ్బు నురగ వేళ్ళకింద అక్షరాలు పడలేదు. ఆయన మొదటి మాట పూర్తిచేసేలోపే పదిహేడు జవాబులొచ్చాయి. అందులో ఒకటి లిమోన్ నుంచి, దెల్ఫీనా అర్గ్వేదాస్ అనే ఆవిడది: "పదకొండేళ్ళు అక్కడ టికెట్లు అమ్మాను. వంతెన దాటాక కాఫీ మిల్లు ఎదురుగా, ఇప్పుడు టైర్ల కొట్టున్న చోట. చర్చి పక్కనున్నది ఫాదరుగారి దుప్పటి." దాని కింద వరసగా అవును, అవును, అవును. ఆ కింద యోర్లెని: "అందింది. బండి వెనక్కి తిరిగింది." కాసేపటికి: "వంతెన దాటింది." ఇంకాసేపటికి: "చేరింది."

ఆయన సగం గీసిన గడ్డంతో వానలో పరుగెత్తాడు. అప్పటికే చాలోను ఎక్కించుకుని బండి వెళ్ళిపోయింది. గేటు దగ్గర చాలో భార్య నిదియా ఆయన చేతులు పట్టుకుని, "బతికాడు, బతికాడు. ఊరే బతికించింది," అని ఏడ్చింది.

మర్నాడు పొద్దున పేజీలో ప్రశ్న లేదు. దాని బదులు ఇలా ఉంది: "పాత సినిమా హాలు తప్పుచోట పెట్టాం. నిన్న అంబులెన్సుకు తొమ్మిది నిమిషాలు పోయాయి. తప్పు మాది. సవరించాం. ఇకమీదట ప్రతి గుర్తునీ కనీసం ఒక పెద్దమనిషితోనైనా సరిచూపిస్తాం." ఎవెలియో దాన్ని నాలుగుసార్లు చదివాడు. తన జీవితంలో ఏ కచేరీ గోడమీదా 'తప్పు మాది' అన్న కాగితం చూడలేదు. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

నేరుగా యోర్లెని బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"తప్పు మీది కాదమ్మాయ్. నాకు నాలుగో తారీఖునే తెలుసు."

"తెలిసీ ఊరుకున్నారా?"

"ఊరుకున్నాను. మీరు దారి తప్పాలని. నాకు ఫోను చెయ్యాలని."

ఆవిడ పరవాలేదండీ అనలేదు. కుర్చీ లాగి, "కూర్చోండి. ఎన్ని తెలుసు మీకు?" అంది.

"లెక్కపెట్టుకోలేదు. నువ్వు రాసుకుంటూ పో. కాని ముందు ఆ సినిమా హాలు పక్కన రాయి, ఎవెలియో బరాంతెస్‌కు తెలిసి చెప్పలేదని."

"అవన్నీ ఎందుకండీ. ఊరంతా చదువుతుంది."

"చదవాలనే. మీ తప్పు మీరు రాసుకున్నారుగా. నాది మటుకు దాచిపెడతావా?"

ఆవిడ రాసింది. ఇద్దరూ ఆ రోజూ మర్నాడూ కూర్చున్నారు. ఎల్వియా బెల్లం నీళ్ళూ, అరటాకులో చుట్టి ఉడికించిన తమాలెలూ అక్కడికే పంపింది. నూట అరవయ్యో గుర్తు దగ్గర ఉండగా యోర్లెని కంప్యూటరు తెర చూసి పెదవి కొరుక్కుంది. ఆస్పత్రి నుంచి చాలో రాశాడు.

"ఒరేయ్ ముసలి గాడిదా, చదివాను. జాబితాలో ఇంకొకటి చేర్చమను. 'ఎవెలియో నోరు మూసుకున్న చోటు'. నేను ఇంటికొచ్చాక వెళ్ళి చూడాలి, దారి చెప్పు."

"తీసెయ్యనా అండీ?" అని అడిగింది యోర్లెని.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వొచ్చింది, మళ్ళీ తుడుచుకోవలసి వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు ఊరందరి ఇళ్ళకూ దారి చెప్పినవాడు ఎన్నడూ తన ఇంటికి దారి చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

"తీసెయ్యకు. రాసుకో. టైర్ల కొట్టు నుంచి మూడొందల మీటర్లు పడమరకి, తెల్ల తలుపు. లోపల వంటిల్లు, కిటికీ పక్క కుర్చీ."