సోమవారం దాకా ఆగుదామన్నారు

పెళ్ళయి కొన్ని నెలలైనా, "మా ఆయన" అనాల్సి వచ్చినప్పుడల్లా యూవెన్‌కు లోలోపల నవ్వొచ్చేది. అందుకే తైవాన్‌లోని జియాయి నగరంలో ఓ ఆసుపత్రిలో నర్సు "మీరేమవుతారు?" అని అడగ్గానే, పక్కన బోషున్ కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నా సరే, "భార్యని" అని కాస్త గొప్పగానే చెప్పింది. చెప్పాక సిగ్గుపడింది.

అపెండిక్స్ బాగా వాచిందని, ఈ మధ్యాహ్నమే తీసెయ్యాలని డాక్టర్ లువో చెప్పింది.

వెంట వచ్చిన అత్తగారు తల అడ్డంగా ఊపింది. ఇది దయ్యాల నెల. పాతాళం తలుపులు తెరిచి ఉండే ఈ రోజుల్లో ఎవరూ ఇల్లు మారరు, పెళ్ళి పెట్టుకోరు, కత్తి కిందికి అసలే వెళ్ళరు. ఆదివారంతో నెల వెళ్ళిపోతుంది కదా, సోమవారం దాకా మందులతో నెట్టుకురమ్మని ఆవిడ బతిమాలింది.

యూవెన్ గణాంక శాస్త్రం చదువుకుంది. డాక్టర్ వైపు 'మనకు తెలియనిదా' అన్నట్టు ఓ చూపు చూసి, రోగానికి పంచాంగంతో పనిలేదని అత్తగారికి ఓపిగ్గా బోధించింది. చివరి మాట నోట్లో ఉండగానే ఇవాళ శుక్రవారమని గుర్తొచ్చింది. వారాంతం ముందు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు, వారం మొదట్లో చేయించుకున్నవాళ్ళంత బాగా కోలుకోరని ఈమధ్యే ఓ పరిశోధన చదివింది. నూడుల్స్ తింటూ, సగం.

"డాక్టర్ గారూ, సోమవారం పొద్దున్నే పెట్టుకుంటే?"

"నేనన్నదీ అదే కదమ్మా," అంది అత్తగారు.

"కాదత్తయ్యా, మీవి దయ్యాలు. నావి లెక్కలు."

"ఏవైతేనేం, రోజు కుదిరింది."

డాక్టర్ లువోకు ఇలాంటి కుటుంబాలు కొత్తకాదు. ఆ లెక్కలు చాలావరకు తీరిగ్గా రోజు చూసి పెట్టుకునే ఆపరేషన్లవని, వాచిన అపెండిక్స్ కొన్ని గంటలు ఆగినా రెండు మూడు రోజులు ఆగదని, లోపల పగిలితే చీము కడుపంతా పాకి వారాల తరబడి మంచం దిగడని చెప్పింది.

"సోమవారానికి మంచి రోజు వస్తుందమ్మా. మంచి అపెండిక్స్ రాదు."

అత్తాకోడళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంత సేపూ ఎవరి కడుపు గురించి మాట్లాడుతున్నారో ఆ మనిషి మంచం మీద నుంచి చెయ్యెత్తాడు.

"పెళ్ళయినప్పట్నుంచి మీరిద్దరూ ఒక మాట మీద నిలబడటం ఇదే మొదలు. నాకు భయమేస్తోంది," అన్నాడు బోషున్. "డాక్టర్, సంతకం ఎక్కడ పెట్టాలి?"

వాళ్ళిద్దరూ ఆపరేషన్ గది బయట ఒకే బెంచీ మీద కూర్చున్నారు. అత్తగారు దయ్యాలకు నచ్చజెప్పుకుంటోంది. యూవెన్ తక్కిన సగం పరిశోధన ఫోన్‌లో వెతికి చదివింది. అత్యవసర ఆపరేషన్లను లెక్కలోకి తీసుకోలేదని మొదట్లోనే రాసి ఉంది. ఫోన్ బోర్లించి పెట్టేసి, తనూ కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరినీ వరసగా పిలిచింది.

డాక్టర్ బయటికొచ్చి అంతా సవ్యంగా జరిగిందని చెప్పింది. అపెండిక్స్ అప్పటికే చీము పట్టి ఉందని, సోమవారం దాకా నిలిచేది కాదని కూడా.

అత్తగారు లేచి డాక్టర్‌కు తలవంచి దణ్ణం పెట్టింది.

"వాడు మన మాట వినలేదు. అదే మేలయింది," అంది కోడలి వైపు తిరిగి.

యూవెన్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా అత్తగారు తనను కలుపుకుని 'మన' అన్నందుకు, సిగ్గులేకుండా, ఎంతో సంతోషమేసింది.