పన్నెండో బోర్డు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే. ఎక్కడో ఒకావిడ పొద్దున్నే స్విచ్ వేస్తుంది. మీట నొక్కకముందే కాగితాలు కోసే కత్తి దిగుతుంది. ఆ సమయానికి ఆమె వేళ్లు దాని కింద ఉంటాయి.

ఆ యంత్రాన్ని నడిపే సర్క్యూట్ బోర్డు అతికింది నేనే.

మా తోడికోడలు ఇంజనీరు. నేను తొమ్మిదో తరగతితో ఆపేశాను. ముందుగదిలో బల్లకు ఆ చివర ఆవిడ కాగితాలు కోసే యంత్రాలకు బోర్డులు గీస్తుంది, ఈ చివర పాపను ఉయ్యాల్లో వేసి నేను టంకం పెడతాను. వచ్చినవాళ్లందరికీ అత్తయ్య, "ఇదంతా మా పెద్దకోడలి బుర్రే" అని చెప్పి, నావైపు చూసి, "చిన్నదీ బాగానే అతుకుతుందిలే" అంటుంది. ఆ మాట పాపకు పాలిస్తున్నా చెవిలో మోగేది.

ఒకరోజు అడిగాను. "అక్కా, ఈ బుల్లి రెసిస్టరు లేకపోతే ఏం పోతుంది?"

"కరెంటు రాగానే చిప్‌కి తెలివి రాదు చెల్లీ. ప్రోగ్రాము మొదలయ్యేదాకా, కత్తి మోటారును నడిపే దాని కాలు గాల్లో ఉంటుంది, ఎవరి మాటా వినదు. అంతలో మోటారు ఓ తన్ను తన్నొచ్చు. ఇది ఆ కాలిని కిందికి పట్టి ఉంచుతుంది. పాప నిద్రలో ఉలిక్కిపడితే నువ్వు గుండెల మీద చెయ్యి వేస్తావే, అలాగ."

పాప ఊసెత్తితే తప్ప నా బుర్రకెక్కదనుకుంది కాబోలు. ఒళ్లు మండింది.

పన్నెండు బోర్డుల్లో ఒకదానికి అది పెట్టలేదు. మర్నాడు బోర్డులు పరీక్షించేటప్పుడు అందరి ముందు మోటారు ఎగిరిపడాలి. తప్పు నాదని తర్వాత తేలినా సరే, ముందు ఆవిడ మొహం వాడాలి.

పన్నెండూ కిమ్మనలేదు. గాల్లో ఉన్న కాలు ఒకరోజు బుద్ధిగా ఉండి ఇంకోరోజు లేస్తుందని నాకేం తెలుసు. సాయంత్రానికి బావగారు అన్నీ పెట్టెలో సర్దేశారు. చెప్పబోయాను. "ఒక్కటీ తప్పలేదు, చూశావా" అంది అత్తయ్య, పెద్దకోడలి భుజం తడుతూ. నోరు మూసుకున్నాను.

రెండు వారాల తర్వాత పాప నిద్రలో చేతులు విసిరి ఉలిక్కిపడింది. గుండెల మీద చెయ్యి వేశాను. ఇక తీయలేకపోయాను. పాపను ఎత్తుకునే వెళ్లి అక్కకు చెప్పేశాను.

ఆవిడ తిట్టలేదు. "పాపను పడుకోబెట్టి రా, అందరికీ ఫోన్లు చేద్దాం" అంది. తిట్టినా బాగుండేది. ఆ మంచితనానికి కూడా కుళ్లుకున్నాను.

పదకొండు బోర్డులు విప్పించి చూశాం. అన్నిటికీ ఆ రెసిస్టరు ఉంది. మిగిలిన పన్నెండోది పుస్తకాలు బైండింగ్ చేసుకునే ఆవిడది. షాపు మార్చేసింది, ఫోను కలవడం లేదు. మా ఆయన రెండుసార్లు పాత వీధికి వెళ్లి ఉత్త చేతులతో వచ్చారు. ఆవిడ కళ్లజోడుకు దారం కట్టుకుంటుందట. రెండు చేతులతో కాగితాలు సర్దుతూ మోచేత్తో స్విచ్ వేస్తుందట, యంత్రం బిగించిన రోజు బావగారు చూశారు.

మీ వీధిలో అలాంటావిడ కొత్తగా బైండింగ్ షాపు పెట్టి ఉంటే, ఒక్కసారి వెళ్లి చూడండి. యంత్రం తీగ గోడ నుంచి పీకేయమనండి. ఆవిడ వేళ్లు పదీ ఉన్నాయో లేదో చూసి మాకు కబురు పెట్టండి.